దగ్గు రాలేదు, తల ఊపారు: ఒక స్ట్రోక్ కేసు

రిఫరల్ చీటీలో ఉన్నది ఒక్క లైను. "మాట రావడం లేదు, స్పీచ్ థెరపీ ఇవ్వగలరు." హాస్పిటల్లో పనిచేసే స్పీచ్ థెరపిస్టులందరికీ ఈ లైను కంఠతా వచ్చు. స్ట్రోక్ వార్డు నుంచి ఈ చీటీ పట్టుకుని వెళ్ళిన చాలాసార్లు నేను ముందు చూడాల్సి వచ్చేది మాటని కాదు, గుటకని. మా ఉద్యోగం పేరులో స్పీచ్ ఉంది కాబట్టి మేం వచ్చి "అ, ఆ" అనిపించి వెళ్ళిపోతామని పేషెంట్ వాళ్ళే కాదు, కొందరు డాక్టర్లు కూడా అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, పేరే అలా పెట్టారు.

కానీ ఈ కేసు రాయడం ఆ ఫిర్యాదు చెప్పుకోవడానికి కాదు. ఇందులో నేనొక తప్పు చేశాను, ఇంకొకరి తప్పుని ఆపాను, ఆ తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే రెండూ ఒకటే తప్పని అర్థమైంది. దెబ్బతిన్న మెదడు పంపే సిగ్నల్‌ని మామూలు మనిషి సిగ్నల్‌లాగా చదివేయడం. దగ్గు రాలేదు కాబట్టి సరిగ్గానే మింగాడు, తల ఊపాడు కాబట్టి అర్థమైంది. రెండూ అబద్ధాలే.

పేషెంట్ వయసు 61. కుట్టు మెషీన్లు రిపేరు చేయడం ఆయన పని, కుడిచేతి వాటం. మెదడు ఎడమ వైపుకి రక్తం తీసుకెళ్ళే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ మూసుకుపోయి వచ్చిన స్ట్రోక్, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మూతి ఎడమ వైపుకి లాగేసింది. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసేశాను. స్కాన్ రిపోర్టులో రెండో పేరాలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట, కుడి వైపు మెదడులో పాత చిన్న ల్యాక్యూన్ ఒకటి ఉందని రాసుంది. ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన చిన్న స్ట్రోక్ అన్నమాట. న్యూరాలజిస్టుకి అది పెద్ద విషయం కాకపోవచ్చు, నాకు మాత్రం అది చదవగానే కొంచెం టెన్షన్ మొదలైంది. ఎందుకంటే మింగడాన్ని మెదడు రెండు వైపులా చూసుకుంటుంది. ఒక వైపు దెబ్బతింటే రెండో వైపు మెల్లగా ఆ పని అందుకుంటుంది, చాలామంది స్ట్రోక్ పేషెంట్లకి కొన్ని వారాల్లోనే గుటక బాగుపడటానికి కారణం అదే. ఆ రెండో వైపు కూడా ముందే చిల్లు పడి ఉంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

నేను వెళ్ళింది రెండో రోజు మధ్యాహ్నం. అప్పటికే నర్సు స్క్రీనింగ్ అయిపోయింది: నాలుగు చెంచాల నీళ్ళు, దగ్గు లేదు, "నోటి ద్వారా ఇవ్వవచ్చు." పొద్దున మెత్తని ఆహారం పెట్టారట.

నా పరీక్ష ఎప్పుడూ నోటి లోపలితో మొదలవుతుంది. టార్చి వేసి చూస్తే అంగిలి మీద లాలాజలం ఎండిపోయి పొరలా అతుక్కుని ఉంది, నాలుక మీద తెల్లటి పాచి, కుడి బుగ్గని వేలితో పక్కకి లాగితే పొద్దున పెట్టిన ఆహారం ముద్దగా అలాగే ఉంది. అప్పుడు టైము పన్నెండున్నర. అంటే నాలుగు గంటలుగా బుగ్గలో ముద్ద ఉన్న సంగతి ఆయనకి తెలియలేదు, పక్కనే ఉన్న భార్యకీ తెలియలేదు, నోరు తెరిచి చూసినవాళ్ళు లేరు. ముందు నోరు శుభ్రం చేశాను. ఇది థెరపిస్టు పనా నర్సు పనా అని వాదించుకునే వాళ్ళని చూశాను. ఆ నోట్లోకి నీళ్ళు పోసి టెస్టు చేస్తే ఆ నీళ్ళతో పాటు బ్యాక్టీరియాని కూడా ఊపిరితిత్తుల్లోకి పంపినట్టే, అందుకని ఎవరి పనైనా సరే, ముందు ఎవరు చూస్తే వాళ్ళ పని.

తర్వాత నాలుగు వేళ్ళు గొంతు మీద పెట్టి గుటక చూశాను. చూపుడువేలు గడ్డం కింద, మధ్యవేలు హయాయిడ్ ఎముక దగ్గర, మిగతా రెండూ గొంతు ముడి మీద. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో నీళ్ళు నోట్లోంచి వెనక్కి జారగానే గొంతు ముడి గబుక్కున పైకి లేచి దిగుతుంది, అంతా సెకనులో అయిపోతుంది. ఆ ఒక్క సెకనులో ఊపిరి ఆగాలి, స్వరతంత్రులు మూసుకోవాలి, ఎపిగ్లాటిస్ మూతలా వంగాలి, అన్నవాహిక పైభాగం తెరుచుకోవాలి. ఐదు కపాల నాడులు కలిసి నడిపే పని అది, మనం రోజుకి వందల సార్లు ఆలోచించకుండా చేసేస్తాం. ఈయనకి చెంచాడు నీళ్ళు పోస్తే నా వేళ్ళ కింద ఏమీ కదల్లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక గొంతు ముడి బద్ధకంగా సగం దాకా లేచి దిగింది. దగ్గు మాత్రం రాలేదు.

90 మిల్లీలీటర్ల నీళ్ళ పరీక్ష పెట్టాను. ఆపకుండా తాగాలి. మధ్యలో ఆగినా, దగ్గినా, ఆ తర్వాత గొంతు తడిగా గురగురమన్నా ఫెయిల్. ఆయన రెండుసార్లు ఆగారు. దగ్గలేదు. ఫెయిల్ అని రాశాను.

నా తప్పు ఇక్కడ మొదలైంది. పల్చటి నీళ్ళు ఆపేసి, చిక్కగా కలిపిన ద్రవం ఆరు చెంచాలు ఇచ్చి చూశాను. దగ్గు లేదు. ద్రవాల, ఆహారం చిక్కదనాన్ని లెవెల్స్‌గా విడగొట్టే ఇడ్సీ స్కేలులో లెవెల్ 2 ద్రవాలు, లెవెల్ 4 ఆహారం, దగ్గర కూర్చుని పెట్టాలి అని ఫైల్లో రాసి వచ్చేశాను. ఎండోస్కోపీతో గుటక చూసే పరీక్షకి స్కోప్ దొరకాలంటే నాలుగు రోజులు ఆగాలన్నారు, సరే చూద్దాం అనుకున్నాను. చిక్కటి ద్రవం క్షేమమని చెప్పడానికి నా దగ్గర ఉన్న ఆధారం ఏమిటంటే, దగ్గు రాలేదని. కానీ అంత ఆలస్యంగా, అంత బలహీనంగా గుటక పడుతున్న మనిషి పల్చటి నీళ్ళకి కూడా దగ్గలేదు కదా, అంటే ఈయన దగ్గు సాక్ష్యానికి పనికిరాదని నాకు అర్ధగంట ముందే తెలియాలి. తెలిసి కూడా అదే సాక్ష్యాన్ని వాడుకున్నాను.

తెలుగులో పొలమారడం అనే మాట ఉంది. ఆ మాటలోనే దగ్గు ఉంది, ఉక్కిరిబిక్కిరి ఉంది, కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. దగ్గు లేకుండా పొలమారడానికి మన దగ్గర మాట లేదు. బహుశా అందుకే ఇంట్లోవాళ్ళకి ఇది చెప్పడం అంత కష్టం. "చక్కగా తాగారు మేడమ్, ఒక్కసారి కూడా పొలమారలేదు" అంటారు. స్వరతంత్రుల కింద స్పర్శ పోయిన మనిషికి నీళ్ళు శ్వాసనాళంలోకి దిగినా ఏమీ అనిపించదు. వైద్యంలో దీన్ని సైలెంట్ ఆస్పిరేషన్ అంటారు. మంచం పక్కన నిలబడి ఎంత అనుభవమున్న థెరపిస్టు చూసినా దీన్ని ఖాయంగా పట్టుకోలేరు, లోపల చూడాల్సిందే.

నాలుగో రోజు పొద్దున జ్వరం 38.1 డిగ్రీల సెల్సియస్, ఊపిరి నిమిషానికి 26, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ, అంటే న్యుమోనియా. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని ఆపేశారు, ముక్కు ట్యూబ్ వేశారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు.

ఇది నేను అనుమతిచ్చిన ద్రవం వల్లే వచ్చిందా అంటే చెప్పలేను. మొదటి రోజు నీళ్ళ వల్ల అయ్యుండొచ్చు, రాత్రి నిద్రలో ఆయన సొంత లాలాజలమే దిగి ఉండొచ్చు. స్పీచ్ థెరపిస్టు సూసన్ లాంగ్‌మోర్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో ఆస్పిరేషన్ న్యుమోనియాని (ఇలా దారి తప్పి లోపలికి దిగినవాటి వల్ల వచ్చే న్యుమోనియాని) ముందుగా సూచించే వాటిలో పైన నిలిచింది మింగలేకపోవడం కాదు, తిండి కోసం ఇంకొకరి చేతి మీద ఆధారపడటం. నోరు శుభ్రం చేసుకోవడానికి ఇతరుల మీద ఆధారపడటం, పుచ్చిపోయిన పళ్ళు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. కాబట్టి బుగ్గలోని ఆ ముద్ద, పాచి పట్టిన ఆ నాలుక కూడా నిందితులే. అయినా నా నోట్‌లో ఆ రోజు ఇలా రాశాను: "రెండో రోజు ఇచ్చిన సలహా దగ్గు లేకపోవడం మీద ఆధారపడింది, అది సరిపోదు." సీనియర్ ఒకావిడ చూసి ఇలా రాయాల్సిన అవసరం ఏముందమ్మా అన్నారు. అవసరం ఏమిటంటే, తర్వాత ఫైలు తెరిచేవాళ్ళు నా మొదటి నోట్ చూసి లెవెల్ 2 ఓకే అనుకోకూడదు.

ఆరో రోజు ఎండోస్కోపీ దొరికింది. దీన్ని మేం ఫీస్ అంటాం, ఆ మాట వినగానే పేషెంట్ కూతురు "ఎంత కట్టాలి మేడమ్" అని పర్సు తీసింది, పాపం. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపించి, గొంతు పైనుంచి కిందికి చూస్తూ, ఆకుపచ్చ రంగు కలిపిన ద్రవం తాగిస్తాం. ఈ పద్ధతిని 1988లో మొదట వివరించింది కూడా ఆ లాంగ్‌మోర్ వాళ్ళే. ఎక్స్‌రే కింద బేరియం మింగించే పరీక్ష ఇంకోటి ఉంది కానీ, కూర్చోబెట్టడమే కష్టమైన మనిషిని రేడియాలజీ దాకా తీసుకెళ్ళడం కన్నా మంచం దగ్గరికే స్కోప్ రావడం నయం.

తెరమీద కనిపించింది చెప్తాను. మేం ఇంకా ఏమీ ఇవ్వకముందే గొంతులో నురుగు నురుగుగా లాలాజలం నిలిచి ఉంది. కుడి వైపు గుంటలో ఎక్కువ, ఎడమ వైపు తక్కువ. చెంచాడు పల్చటి ఆకుపచ్చ నీళ్ళు ఇచ్చాం. నాలుక మొదట్లోంచి జారి, ఎపిగ్లాటిస్ పక్కనుంచి సందు చేసుకుని, గుటక మొదలవకముందే కిందికి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత తీరిగ్గా గుటక పడింది, తెర ఒక క్షణం తెల్లబడింది, మళ్ళీ కనపడేసరికి స్వరతంత్రుల కింద, శ్వాసనాళం ముందు గోడ మీద, ఆకుపచ్చ చార. ఈఎన్‌టీ డాక్టరూ నేనూ ఊపిరి బిగబట్టి పది సెకన్లు చూశాం. దగ్గు లేదు. గొంతు సవరించుకోవడం లేదు. ఆయన ప్రశాంతంగా నా వైపు చూస్తున్నారు. ఎంత లోతుకి దిగింది, దగ్గి బయటికి తోశారా లేదా అని కొలిచే పెనెట్రేషన్ ఆస్పిరేషన్ స్కేలులో 8 పాయింట్లు ఉంటాయి, ఇది ఎనిమిది. దాని పైన ఇంక లేదు.

లెవెల్ 2 ద్రవం శ్వాసనాళం దాకా దిగలేదు కానీ అంచు దాకా వచ్చి నిలబడింది. లెవెల్ 4, అంటే చెంచా తిరగేస్తే ముద్దగా జారిపడే మెత్తటి ఆహారం, దారి తప్పలేదు, కాకపోతే సగం గొంతు గుంటల్లో మిగిలిపోయింది, ముఖ్యంగా కుడివైపు. ఇక్కడ ఒక చిన్న పని చేశాం. తలని కుడి భుజం వైపుకి తిప్పి మింగమన్నాం. బలహీనంగా ఉన్న వైపుకి తల తిప్పితే ఆ వైపు దారి మూసుకుపోయి ముద్ద బాగున్న వైపునుంచి వెళ్తుంది. రెండో గుటకకి కుడి గుంట దాదాపు ఖాళీ అయింది. ఆ రోజు చేతికి దొరికిన ఒకే ఒక మంచి సంగతి అది. మంచం పక్కన నిలబడి ఎన్నాళ్ళు చూసినా ఇది తెలిసేది కాదు.

ఇప్పుడు రెండో సిగ్నల్ సంగతి.

ముక్కు ట్యూబ్‌ని ఆయన ఎడమ చేత్తో రెండుసార్లు పీకేశారు. తొమ్మిదో రోజు రౌండ్స్‌లో పెగ్ వేద్దాం అన్నారు, అంటే పొట్ట గోడలోంచి నేరుగా కడుపులోకి ట్యూబ్. డాక్టరు మర్యాదగా మంచం దగ్గర వంగి, పేషెంట్‌నే అడిగారు. "సార్, ముక్కులో ట్యూబ్ ఇబ్బందిగా ఉంది కదా, పొట్టలోకి వేద్దాం, సరేనా?" ఆయన తల ఊపారు. "అదే, అదే" అన్నారు. ఫైల్లో పేషెంట్ సమ్మతించారు అని ఎక్కింది.

ఈ "అదే" గురించి చెప్పాలి. స్ట్రోక్ తర్వాత ఆయన నోట్లో మిగిలిన ఒకే మాట అది. నీళ్ళు కావాలన్నా అదే, నొప్పి అన్నా అదే, కోపం వచ్చినా అదే. అఫేజియాలో, అంటే మెదడు దెబ్బతిని భాష పోయినప్పుడు, ఇలా ఒకే మాటో ముక్కో పదేపదే రావడం కొత్తేం కాదు, 1861లో ఫ్రెంచ్ డాక్టర్ పాల్ బ్రోకా చూసిన పేషెంట్ దాదాపు ఏమడిగినా "టాన్" అనే అనేవాడు, హాస్పిటల్లో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. కానీ టాన్ అంటే ఎవరూ అవునని అనుకోరు. మన పేషెంట్ ఖర్మ ఏమిటంటే ఆయనకి మిగిలిన మాట "అదే." ఎవరేం అడిగినా "అదే, అదే" అని తల ఊపుతుంటే, సరిగ్గా నేనూ అదే అంటున్నా అని ఒప్పుకున్నట్టు ఉంటుంది. పైగా మాట యాస, లయ చక్కగా ఉన్నాయి. భార్య కూడా "అన్నీ అర్థమవుతున్నాయండీ, మాటే రావట్లేదు" అనే చెప్పేది. మూడింట రెండొంతుల కుటుంబాలు చెప్పేది ఇదే అని నా అంచనా, లెక్క కాదు.

పెగ్ సమ్మతి సంగతి నర్సు చెప్తే తెలిసింది. డాక్టర్‌తో వాదించే ముందు కొలత కావాలి కాబట్టి ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. పది అవునుకి, పది కాదుకి, కలగాపులగంగా. ఈ గదిలో లైటు వెలుగుతోందా? మీరు ఆడవారా? ఆవిడ మీ భార్యేనా? ఇప్పుడు రాత్రా? ఆయన ఇరవైలో పద్దెనిమిదింటికి తల ఊపారు. అవును కావాల్సిన పదీ కరెక్టు. కాదు కావాల్సిన పదిలో రెండు కరెక్టు. మొత్తం 12 మార్కులు, 60 శాతం. రిపోర్టులో 60 శాతం అని రాస్తే ఫర్వాలేదే అనిపిస్తుంది. కానీ ప్రశ్న వినకుండా ప్రతిదానికీ తల ఊపే మనిషికి కూడా ఈ పరీక్షలో 50 వస్తాయి. "మీరు ఆడవారా" అంటే నవ్వుతూ తల ఊపిన మనిషి పొట్టలో ట్యూబ్‌కి ఊపిన తలని సమ్మతి అనలేం.

డాక్టరు కాగితం చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆయనకేం కావాలో ఎలా తెలుస్తుంది?" అన్నారు. ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. చాలాచోట్ల ఆ తర్వాతి లైను "అయితే ఇంట్లోవాళ్ళ సంతకం తీసుకోండి" అయ్యుండేది.

ఎలా తెలుస్తుందంటే, చెవికి మాత్రమే చెప్పడం మానేసి కంటికి చెప్పాలి. టొరంటోలో ఆరా కేగన్ అభివృద్ధి చేసిన పద్ధతి ఒకటుంది, అఫేజియా ఉన్న మనిషికి తెలివి ఉందని మన మాటల్లోనే గుర్తింపునిస్తూ, బొమ్మలతో, పెద్దక్షరాలతో, సైగలతో సంభాషణకి ఊతమివ్వడం. నేను మూడు అట్టముక్కల మీద మూడు బొమ్మలు గీశాను, నా బొమ్మలు ఘోరంగా ఉంటాయి, ఆయన నవ్వారు. ముక్కులో ట్యూబ్ ఉన్న ముఖం, పొట్టలో ట్యూబ్ ఉన్న మనిషి, చెంచా. ఒక్కోదాని కింద ఒకే మాట. టీవీ ఆపించాను, పక్క మంచం వాళ్ళని కొంచెం మెల్లగా మాట్లాడుకోమన్నాను. ఒక్కో అట్ట చూపిస్తూ, నా ముక్కు, నా పొట్ట తాకి చూపిస్తూ, చిన్న వాక్యాల్లో చెప్పాను. చెంచా ఇప్పుడు కుదరదని చెప్పడానికి గొంతు బొమ్మ గీసి నీళ్ళు ఊపిరితిత్తిలోకి పోతున్నట్టు పెన్నుతో గీత లాగాను, తర్వాత ఫీస్ వీడియోలో ఆకుపచ్చ చార చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. వేలితో తన గొంతు తాకి చూసుకున్నారు.

మొదటిసారి ఆయన చూపించింది చెంచా. అట్టల వరుస మార్చి మళ్ళీ అడిగాను, మళ్ళీ చెంచా. చెంచా తీసేసి మిగతా రెండు పెట్టాను. ముక్కు ట్యూబ్ మీద వేలు పెట్టారు. వరుస మార్చాను, మళ్ళీ అదే బొమ్మ. ప్రశ్న తిరగేసి, "ఏది వద్దు?" అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి చూపించాను. ఆయన నా చేతిలోంచి పెన్ను ఎడమ చేత్తో లాక్కుని పొట్ట బొమ్మ మీద వంకరటింకర గీత ఒకటి అడ్డంగా కొట్టారు. మర్నాడు పొద్దున భార్య ముందు, డాక్టరు ముందు మొత్తం మళ్ళీ చేశాం. మళ్ళీ అడ్డగీత.

క్యాలెండర్ తెచ్చి మూడు వారాలు చూపించాను, ముక్కు ట్యూబ్ అట్టని మొదటి గడి నుంచి మూడో వారం చివరి దాకా జరిపి, అక్కడ చెంచా అట్ట పెట్టాను. అప్పటిదాకా పీకొద్దు, అప్పుడు మళ్ళీ చూద్దాం. ఆయన క్యాలెండర్ మీద చివరి గడిని వేలితో రెండుసార్లు కొట్టారు. ఆ తర్వాత ట్యూబ్ పీకలేదు. అంతకుముందు ఎందుకు పీకారంటే, ఎప్పటిదాకా ఉంటుందో ఎవరూ ఆయనకి అర్థమయ్యేలా చెప్పలేదు, అంతే. వైద్యపరంగా కూడా ఆగడంలో నష్టం లేదు. ఫుడ్ ట్రయల్ పేరుతో 2005లో వచ్చిన పెద్ద అధ్యయనం స్ట్రోక్ తర్వాత మొదటి రెండు మూడు వారాల్లో తొందరపడి పెగ్ వేయడాన్ని సమర్థించలేదు.

ఆ మూడు వారాల్లో చేసిన గుటక పని గురించి పెద్దగా చెప్పడానికి లేదు, విసుగు పుట్టించే పని అది. రోజూ రెండుసార్లు నేను, మిగతా సమయాల్లో కూతురు. ముందు నోరు శుభ్రం, తర్వాత నిటారుగా కూర్చోబెట్టడం, తల కుడికి, చెంచాలో సగం, గట్టిగా గుటక, ఖాళీ గుటక ఇంకోటి, అప్పుడు బుగ్గలో చూడటం. తొమ్మిదో రోజున ఐదు చెంచాలతో మొదలై పద్దెనిమిదో రోజుకి చిన్న గిన్నెడు. మింగే కండరాలకి మింగడమే ఎక్సర్‌సైజు. నోటికి పూర్తిగా తాళం వేసి మూడు వారాలు కూర్చుంటే ఉన్న బలం కూడా పోతుంది.

రెండు సంఘటనలు మాత్రం చెప్పాలి.

ద్రవం చిక్కదనం పొద్దునొకలా సాయంత్రం ఒకలా ఉంటోందని కూతురు చెప్పింది. నర్సింగ్ స్టేషన్‌కి వెళ్ళి, రెండు షిఫ్టుల వాళ్ళూ డ్యూటీ మారే టైములో చెరో గ్లాసు కలపమన్నాను. పది మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని, పిస్టన్ పీకేసి, కింద వేలు అడ్డం పెట్టి 10 దాకా నింపి, వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టాం. లెవెల్ 2 అయితే 4 నుంచి 8 మధ్య మిగలాలి. ఒకరిదాంట్లో 9 మిగిలింది, ఇంకొకరిదాంట్లో 3. ఇద్దరూ డబ్బా మీదున్న కొలత ప్రకారమే వేశామన్నారు, నిజమే, కానీ ఒకరు ఇరవై నిమిషాల ముందు కలిపి పెట్టారు, ఒకరు అప్పుడే కలిపారు. పొడి నానేకొద్దీ చిక్కబడుతుంది. ఆ సిరంజిని స్టేషన్ గోడకి టేపుతో అంటించి వచ్చాను. ఇంకో మాట, చిక్కటి నీళ్ళు ఎవరికీ ఇష్టం ఉండవు, అవి ఇచ్చిన పేషెంట్లు తాగడమే తగ్గించేస్తారు. అందుకే రోజుకి ఎంత తాగారో రాయని ఛార్టు ఉన్నచోట ఈ సలహా ఇవ్వడం నాకు భయం.

రెండోది, చూడటానికి వచ్చిన బంధువొకాయన ప్రేమగా గ్లాసుడు నీళ్ళు తాగించేశాడు. మంచం తల దగ్గర బోర్డు ఉంది, "పల్చటి ద్రవాలు ఇవ్వరాదు" అని. తర్వాత ఆయన్ని అడిగితే, "ద్రవాలంటే మందులేమో అనుకున్నానమ్మా, నేనిచ్చింది నీళ్ళే కదా" అన్నాడు. ఆయన తప్పు కాదు, బోర్డు తప్పు. "మంచినీళ్ళు కూడా ఇవ్వకండి, నర్సుని అడగండి" అని రాసి పెట్టాను. ఇప్పుడు ఏ బోర్డు రాసినా అలాగే రాస్తున్నాను.

మాట విషయానికొస్తే, ఒకటి నుంచి పది అంకెలు నాతో పాటు మొదలుపెడితే ఏడు దాకా వచ్చేవి, విడిగా నాలుగు అనమంటే "అదే." అలవాటుగా దొర్లే మాట వేరు, కావాలని పలికే మాట వేరు, స్ట్రోక్ రెండోదాన్ని కొడుతుంది. బొమ్మల పుస్తకంలో ఏనుగు, గొడుగు చూపించి పేర్లు అడగడం వారం రోజులు చేశాను, ఆయనకి విసుగు, నాకు విసుగు. ఒకరోజు కూతుర్ని షాపులోంచి చిన్న సామాన్లేవైనా తెమ్మన్నాను. బాబిన్, షటిల్, మెషీన్ సూది, బెల్టు ముక్క, చిన్న స్క్రూడ్రైవర్. బాబిన్‌ని ఎడమ అరచేతిలో పెట్టగానే బొటనవేలితో దాన్ని తిప్పుతూ అంచు తడిమారు, అరిగిపోయిందేమో చూస్తున్నట్టు. నేను "ఇది బా..." అని ఆగాను. "బాబిన్" అన్నారు. స్పష్టంగా. ఆయనే ఉలిక్కిపడ్డారు. తర్వాత మళ్ళీ అనమంటే రాలేదు, ఆ రోజంతా రాలేదు, అది కూడా మామూలే. కానీ అప్పటినుంచి ఏనుగుని పక్కన పడేశాం.

ఇదంతా జరుగుతున్నప్పుడు నా దగ్గర ఈయన ఒక్కరే లేరు. ఐసీయూలో ట్రకియోస్టమీ (ఊపిరి కోసం గొంతుకి చిల్లు చేసి పెట్టిన గొట్టం) ఉన్న అమ్మాయికి ఆ గొట్టం చుట్టూ ఉన్న బుడగలో గాలి తీసి మాట్లాడే వాల్వ్ పెట్టి చూడాలి, స్వరపేటిక తీసేయబోతున్న పేషెంట్‌కి ఆపరేషన్ తర్వాత గొంతు ఎలా ఉంటుందో ముందే కూర్చుని చెప్పాలి, నెలలు నిండకుండా పుట్టిన పాప పాలు తాగుతూ ఊపిరి మర్చిపోతోందంటే పరిగెత్తాలి. ఈ పనులన్నింటికీ నాకు వచ్చిన చీటీల్లో రాసింది మాత్రం "స్పీచ్ థెరపీ ఇవ్వగలరు" అనే.

ఇరవై ఐదో రోజు ఫీస్ మళ్ళీ చేశాం. లెవెల్ 2 ద్రవం శుభ్రంగా వెళ్ళింది. పల్చటి నీళ్ళు చిన్న గుక్కలో, తల కుడికి తిప్పి, ఫర్వాలేదు. పెద్ద గుక్క ఇచ్చాం, కావాలనే. ఆకుపచ్చ చార స్వరతంత్రుల కిందికి జారింది, ఆ మరుక్షణం ఆయన ముఖం ఎర్రబడి, భళ్ళున దగ్గారు. కెమెరా మీద ఆకుపచ్చ తుంపరలు, తెరంతా మసక. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు హడలిపోయింది. ఈఎన్‌టీ డాక్టరూ నేనూ మొహాలు చూసుకుని నవ్వుకుంటుంటే ఆ అమ్మాయికి మా మీద కోపం కూడా వచ్చింది. స్కోరు ఎనిమిది నుంచి ఆరుకి వచ్చింది, అంటే దిగింది కానీ దగ్గి బయటికి తోసేశారు. కింద స్పర్శ తిరిగొచ్చింది. ఇక నుంచి ఈయన దగ్గుని కొంతవరకైనా నమ్మొచ్చు.

మర్నాడు ముక్కు ట్యూబ్ తీసేశారు. క్యాలెండర్ మీద చెప్పిన చివరి గడికి ఇంకా నాలుగు రోజులుంది. డిశ్చార్జి కాగితంలో నేను రాసింది ఒక పేజీ: ఏ లెవెల్, తల ఎటు తిప్పాలి, గుక్క ఎంత, నోరు రోజుకి ఎన్నిసార్లు, ఏ లక్షణం కనిపిస్తే ఫోన్ చేయాలి. అడుగున పెద్దక్షరాల్లో ఇంకో లైను, "తల ఊపితే అవునని అనుకోకండి, రెండు రకాలుగా అడిగి చూడండి." ఈ అడుగు లైను గురించి కుటుంబం నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు, పైన రాసినదాని గురించి ఇరవై వచ్చాయి. అందుకని వీల్‌చైర్ దగ్గర నిలబడి భార్య చేత మూడు ప్రశ్నలు అడిగించి చూపించాకే పంపించాను.

మూడు నెలల తర్వాత ఫాలో అప్‌కి వచ్చారు. కర్ర పట్టుకుని నడుస్తున్నారు, మామూలు నీళ్ళు చిన్న గుక్కల్లో తాగుతున్నారు. మాటలు ముక్కలు ముక్కలుగా, క్రియాపదాలు లేకుండా, కానీ మాటలే. షాపులో కూర్చుని కొత్తగా చేరిన కుర్రాడికి పని చూపిస్తున్నారట, ఆ కుర్రాడికి షటిల్, బాబిన్ అన్న మాటలు బాగా వచ్చేశాయని కూతురు నవ్వింది. పాత ఇరవై ప్రశ్నల కాగితం తీశాను. పందొమ్మిది కరెక్టు. "మీరు ఆడవారా" అన్నప్పుడు నన్ను ఎగాదిగా చూశారు.

ఈ కేసు రాయడానికి అనుమతి అడిగాను, మళ్ళీ అట్టలతోనే, ఈసారి రెండు బొమ్మలు. ఒకటి రాస్తున్న చెయ్యి, ఇంకోటి కెమెరా. చెయ్యి బొమ్మని నా వైపు జరిపారు. కెమెరా బొమ్మ మీద అరచెయ్యి బోర్లా పెట్టి, కాసేపు ఆగి, పెదాలు కూడదీసుకుని, "వద్దు" అన్నారు. అందుకే ఇక్కడ ఫొటోలేం లేవు.